గడికాగితం నుంచి బైట్‌కోడ్ దాకా

షోలాపూర్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వైపును మరాఠీలో పూర్వభాగ్ అంటారు. అశోక్ చౌక్ ఆ వైపుదే. ఇక్కడి రోడ్డుకు సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ పేరు పెట్టారు. 1882లో ఇదే ఊళ్లో పుట్టి, ఓడల కంపెనీనీ విమానాల ఫ్యాక్టరీనీ నెలకొల్పిన పారిశ్రామికవేత్త ఆయన. ఆయన పేరుతోనే 1983లో మొదలైన వాల్‌చంద్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఈ చౌక్ చిరునామాతో నడుస్తోంది. చుట్టుపక్కల పేఠల్లో ఇళ్ల వెనక షెడ్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటాయి.

కాలేజీలో కంప్యూటర్ చదివే పిల్లలకు కంపైలర్ పాఠం ఉంటుంది. మనిషి రాసిన ప్రోగ్రామును వ్యాకరణం ప్రకారం ఒక చెట్టుగా విడదీయడం, ఆ చెట్టు నుంచి యంత్రం వరసగా చేసుకుపోగల చిన్న చిన్న ఆదేశాలను పుట్టించడం ఆ పాఠం సారాంశం. షెడ్లో దుప్పటి నేసే సాంచా నెత్తిన అట్టముక్కల దండ ఒకటి తిరుగుతుంటుంది. ఒకరు కాగితం మీద వేసిన నెమలిని మరొకరు చిల్లులుగా మార్చి కుట్టిన దండ అది. రెండు చోట్లా జరుగుతున్నది ఒకే పని. మనిషి మనసులోని ఆకారానికీ, ఒకటీ సున్నా తప్ప మరేమీ తెలియని యంత్రానికీ నడుమ ఒక భాషను నిలబెట్టి, ఆ భాషలోకి తర్జుమా చేయడం. ఆ నడిమి భాషను మనుషులు ఎందుకు కల్పించుకున్నారో, దాన్ని ఎవరు రాశారో, చివరికి అది ఎవరి సొత్తయిందో చెప్పే చరిత్రలో తెలుగువాళ్ల చేతులు చాలానే కనిపిస్తాయి.

మగ్గంతో పాటు ఈ చేతులు షోలాపూర్ చేరింది పందొమ్మిదో శతాబ్దంలో. బొంబాయి నుంచి వచ్చే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1860లో ఈ ఊరిని తాకింది. 1871కి అది రాయచూరు దాకా సాగింది. 1874లో నిజాం రైల్వే వాడి జంక్షన్‌ను సికింద్రాబాద్‌తో కలిపింది. అంతవరకూ ఎడ్లబండి మీదో కాలినడకనో సాగిన దారి రైలు టికెట్టు దూరానికి తగ్గింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. 1870లలోనే షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ మిల్లు పెట్టింది. ఊరి నోట అది జునీ మిల్. చేతిమగ్గం ఉన్నవాళ్లు చీరలు నేశారు, లేనివాళ్లు మిల్లుకు వెళ్లారు. ఆంధ్ర భద్రావతి పేఠ అనే పేరు నేటికీ ఊరి పటంలో ఉంది. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయుడి రథం వీధుల్లో తిరుగుతుంది. ఇంటి ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారానికి మరో ఆసరా అయ్యారు. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం మాస్టారు కుంభారి దగ్గర పదివేల ఇళ్ల కాలనీ కట్టించింది వాళ్ల కోసమే.

మిల్లు కథ వేరే దారి పట్టింది. 1949లో జునీ మిల్ మూతపడితే 1950లో ప్రభుత్వం ప్రత్యేక చట్టంతో దాని యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక వాటాదారు దాన్ని సవాలు చేయడంతో, కొత్త రాజ్యాంగం కింద సుప్రీంకోర్టు తొలినాళ్లలో తేల్చిన పేరున్న కేసుల్లో అదొకటయింది. ఊరి నేత బరువు క్రమంగా పెద్ద మిల్లుల నుంచి కుటుంబాల చేతుల్లోని మరమగ్గాల మీదకు జరిగింది. తెలంగాణలో సిరిసిల్ల లాగే ఇక్కడా మరమగ్గం అంటే సాంచా. ఆ సాంచాల మీద పుట్టినవే దేశమంతా ఎరిగిన షోలాపూర్ చద్దరు, టర్కీ తువ్వాలు. 2005-06లో ఈ రెండిటికీ భౌగోళిక గుర్తింపు దక్కింది.

చద్దరు ప్రత్యేకత దాని రెండు ముఖాల్లో ఉంది. ఒక వైపు ఎర్ర నేల మీద తెల్ల పువ్వు ఉంటే, తిరగేస్తే తెల్ల నేల మీద ఎర్ర పువ్వు కనిపిస్తుంది. రెండు పొరల బట్టను ఒకేసారి నేస్తూ, బొమ్మ అంచుల దగ్గర పై పొరను కిందికి, కింది పొరను పైకి మారుస్తూ పోతే ఇలా వస్తుంది. ఏ పేక పడే ముందు ఏ పడుగు పోగు పైకి లేవాలో, ఏది కిందే ఉండాలో ప్రతిసారీ ఎవరో చెప్పాలి. వందల పోగులు, వేల పేకలు. ఆ చెప్పే పని జకార్డుది.

జకార్డు పనితీరు చూడ్డానికి చిక్కుగా ఉన్నా సూత్రం చిన్నదే. సాంచా పైన నిలువుగా కొక్కేల వరసలు ఉంటాయి. ఒక్కో కొక్కేనికి కింద పడుగు పోగులు వేలాడతాయి. ప్రతి కొక్కేనికీ అడ్డంగా ఒక సూది. పేకకు ఒక కార్డు చొప్పున వచ్చి ఆ సూదుల మీద ఒత్తుకుంటుంది. చిల్లు ఉన్న చోట సూది లోపలికి దూరిపోతుంది, కొక్కెం కదలకుండా నిటారుగా నిలుస్తుంది, పైకి లేచే పట్టీ దాన్ని పట్టుకుని లేపుతుంది. చిల్లు లేని చోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం పక్కకు వాలి పట్టీకి అందకుండా పోతుంది, పోగు కిందే ఉంటుంది. నాడె దూరుతుంది. తర్వాతి కార్డు. సాంచాకు పువ్వు తెలియదు, నెమలి తెలియదు. చిల్లు ఉందా లేదా అన్నది ఒక్కటే తెలుసు.

నెమలి తెలిసినవాడు డిజైనరు. అతను గడికాగితం మీద, అంటే గ్రాఫు కాగితం మీద బొమ్మ వేస్తాడు. నిలువు గడి పడుగు, అడ్డ గడి పేక. అయితే ప్రతి పోగు కదలికనూ అతను గడి గడికీ వేయడు. పువ్వు మొత్తాన్ని ఒక రంగుతో నింపేసి, నేలను మరో రంగుతో నింపి, పక్కన ఒక సూచన రాస్తాడు: ఈ రంగు పడ్డ చోట ఫలానా అల్లిక, ఆ రంగు పడ్డ చోట ఇంకో అల్లిక. ఆ సూచనను ప్రతి గడికీ విప్పి, చిల్లుగానో చిల్లు లేనితనంగానో మార్చే బాధ్యత కార్డు కొట్టే మనిషిది. రెండు రంగుల పేకలున్న బట్టలో గ్రాఫులోని ఒక్క అడ్డ వరసకు రెండు కార్డులు పుడతాయి. కాగితం మీద ఐదు వందల వరసలున్న బొమ్మకు వెయ్యి కార్డులు కావాలి.

కార్డు కొట్టే యంత్రానికి వేళ్లతో నొక్కే మీటలు ఉంటాయి. అందుకే ఇంగ్లండు మిల్లుల్లో దాన్ని పియానో యంత్రం అనేవాళ్లు. మనిషి ఎదురుగా గ్రాఫు కాగితాన్ని బిగించుకుని, ఒక వరస మీద అడ్డపట్టీ పెట్టి, గడులను గుంపులుగా చదువుతూ మీటలు నొక్కి, కాలితో తొక్కితే ఒక వరస చిల్లులు పడతాయి. కొట్టిన కార్డులకు వరస సంఖ్య వేసి, దారంతో ఒకదానికొకటి కుట్టి, చివరి కార్డును మొదటి కార్డుకు కలిపితే దండ అవుతుంది. దండ ఒక చుట్టు తిరిగితే బొమ్మ ఒకసారి పూర్తవుతుంది, మళ్లీ తిరిగితే మళ్లీ అదే బొమ్మ. ఒక్క చిల్లు తప్పు పడినా ఆ తప్పు బట్ట పొడవునా, బొమ్మ వచ్చిన ప్రతిసారీ కనిపిస్తుంది. అప్పుడు ఆ కార్డును వెతికి పట్టుకుని, అక్కర్లేని చిల్లును కాగితం ముక్కతో మూయాలి, లేదా కార్డునే మార్చాలి.

ఈ ఏర్పాటు ఒక్క మనిషి బుర్రలోంచి పుట్టలేదు. బనారసులో నక్షాబంద్‌లు బొమ్మను దారాలతోనే ముడులుగా కట్టి మగ్గానికి తగిలించేవాళ్లు. మగ్గం మీద కూర్చున్న కుర్రాడు ఏ దారం ఎప్పుడు లాగాలో ఆ కట్టే చెప్పేది. ఫ్రాన్సులో లియాన్ పట్టు మగ్గాల దగ్గరా పోగులు లాగే సహాయకులు ఉండేవాళ్లు. 1725లో బసీల్ బూషోన్ చిల్లుల కాగితపు చుట్టను వాడాడు. మూడేళ్లకు ఫాల్కన్ చుట్టను విడి కార్డులుగా మార్చాడు. చుట్ట ఒక చోట చిరిగితే మొత్తం పోతుంది, కార్డు చిరిగితే ఒక్కటే మార్చుకోవచ్చు. 1745 ప్రాంతంలో వొకాన్‌సోన్ ఆ ఏర్పాటును మగ్గం పైకి ఎక్కించి, సహాయకుడి అవసరం లేకుండా చూశాడు. వీటన్నిటినీ కలిపి పనికొచ్చే యంత్రంగా 1804లో నిలబెట్టినవాడు జోసెఫ్ మరీ జకార్డు. ఇప్పటికీ ఆ యంత్రం ఆయన పేరుతోనే నడుస్తోంది.

1839లో లియాన్ నేతగాళ్లు జకార్డు రూపచిత్రాన్నే పట్టు మీద నేశారు. అందుకు పట్టిన కార్డులు 24,000. చూసినవాళ్లు చెక్కిన బొమ్మను అచ్చు వేశారనుకునేంత నున్నగా వచ్చింది. ఆ పట్టు చిత్రం ఒకటి లండన్‌లో చార్లెస్ బాబేజ్ ఇంటికి చేరింది. ఆయన అప్పటికే అనలిటికల్ ఇంజిన్ అనే లెక్కల యంత్రానికి రూపురేఖలు గీస్తున్నాడు. జకార్డు కార్డులను అందులోకి తెచ్చుకుంటూ వాటిని రెండు రకాలుగా విడగొట్టాడు. ఏం చేయాలో చెప్పేవి ఒక రకం: కూడు, గుణించు. దేని మీద చేయాలో చెప్పేవి మరో రకం: ఫలానా గడిలోని సంఖ్య. నేటి కంప్యూటర్ల నడిమి భాష అయిన బైట్‌కోడ్‌లో చాలా ఆదేశాలకు ఉండే రెండు భాగాలు ఇవే. ఫలితాన్ని బట్టి కార్డులను వెనక్కి తిప్పే వీలు కూడా ఆయన ఊహించాడు. జకార్డుకు అది లేదు. దండ ముందుకే తిరుగుతుంది, బట్టను చూసి దారి మార్చుకోదు. 1843లో ఎడా లవ్‌లేస్ ఆ ఇంజిన్ గురించి రాసిన వివరణల్లో, మగ్గం ఆకులూ పువ్వులూ నేసినట్టు ఈ యంత్రం బీజగణితాన్ని నేస్తుందన్న భావం చెప్పింది. ఇంజిన్ మాత్రం కట్టడం కాలేదు.

కార్డుల వల్ల కలిగిన అసలు లాభం వేగం ఒక్కటే కాదు. ఒక చోట కొట్టిన దండను అదే కొక్కేల లెక్క, అదే చిల్లుల ఎడం ఉన్న ఏ మగ్గం మీదైనా ఎక్కించుకోవచ్చు. బొమ్మ మగ్గం నుంచి విడిపోయింది. డిజైనరు ఒక వీధిలో, కార్డులు కొట్టేవాడు ఇంకో వీధిలో, నేసేవాడు మరో పేఠలో ఉండొచ్చు. దండకు నకలు తీసి పదిమంది సాంచాలకు ఇవ్వొచ్చు. చిన్న చిన్న షెడ్లుగా చెదిరి ఉండే షోలాపూర్ లాంటి నేత ఊరికి ఈ విడిపోవడం ప్రాణాధారం. ఒక్కో షెడ్డుకూ ఒక డిజైనరును పోషించనక్కర్లేదు.

కంప్యూటర్లకు ఇదే అవసరం 1960ల నాటికి తలెత్తింది. ఒక్కో కంపెనీ యంత్రానికి ఒక్కో ఆదేశాల భాష ఉండేది. ఒక యంత్రానికి రాసిన కంపైలరు ఇంకో యంత్రానికి పనికిరాదు. 1967లో కేంబ్రిడ్జికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ తన బీసీపీఎల్ భాష కోసం ఓ-కోడ్ అనే నడిమి భాషను పెట్టాడు. కంపైలరు ఓ-కోడ్ దాకానే తర్జుమా చేస్తుంది, అక్కడి నుంచి ఏ యంత్రానికి కావాలంటే ఆ యంత్రం వాళ్లు చిన్న భాగం రాసుకుంటారు. ఈ ఆలోచనను ప్రపంచం చుట్టి వచ్చేలా చేసింది మాత్రం స్విట్జర్లాండులోని జూరిక్ ఈటీహెచ్ బృందం.

నిక్లాస్ విర్త్ 1970లో పాస్కల్ భాషను వెలువరించాడు. ఎక్కడెక్కడి విశ్వవిద్యాలయాల నుంచో మా యంత్రానికీ ఇవ్వమని అడగడం మొదలైంది. ఒక్కొక్కరికీ కంపైలరు రాసివ్వడం కాని పని. దానికి ఆ బృందం కనిపెట్టిన ఉపాయం పాస్కల్-పి. లేని కంప్యూటరును ఒకదాన్ని కాగితం మీద ఊహించారు. అందులో ఒక దొంతర ఉంటుంది. విలువలను దొంతర మీద పెట్టడం, పై రెండిటినీ తీసి కూడడం, ఫలితాన్ని తిరిగి దొంతర మీద పెట్టడం. దాని ఆదేశాలకు పి-కోడ్ అని పేరొచ్చింది. అడిగినవాళ్లకు కంపైలరు మూలాన్నీ, అదే కంపైలరు పి-కోడ్ రూపాన్నీ, ఆ ఊహాయంత్రం ఎలా నడుస్తుందో వివరించే కాగితాలనూ పంపారు. ఊహాయంత్రాన్ని తమ కంప్యూటరు మీద నటించే చిన్న ప్రోగ్రామును రాసుకుంటే చాలు, పాస్కల్ వాళ్లింటికి వచ్చినట్టే.

ఆ వివరణ పత్రం 1974 డిసెంబరులో ఈటీహెచ్ నివేదికగా వచ్చింది. దాని రచయితల్లో మొదటి పేరు కేశవ్ నోరి. తెలుగు ఇంటిపేరున్న ఈ పరిశోధకుడు అమ్మన్, యెన్సెన్, నేగెలీలతో కలిసి రాసిన ఆ కాగితాలు ఖండాలు దాటాయి. శాండియాగోలో కెన్నెత్ బౌల్స్ బృందం వాటి మీద యూసీఎస్‌డీ పాస్కల్‌నూ, అది నడిచే పి-సిస్టమ్‌నూ కట్టింది. 1981లో ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటరును అమ్మకానికి పెట్టినప్పుడు దాని కోసం ప్రకటించిన మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఆ పి-సిస్టమ్ ఒకటి. నోరి ఐఐటీ కాన్పూర్‌లో పాఠం చెప్పి, ఆ తర్వాత చాలా ఏళ్లు పుణెలో టాటాల పరిశోధన కేంద్రం టీఆర్‌డీడీసీలో పనిచేసి, అనంతరం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆచార్యుడయ్యారు. టీఆర్‌డీడీసీ 1981లో మొదలైంది. దాని తొలి డైరెక్టరు మరో తెలుగు శాస్త్రవేత్త ఇ.సి. సుబ్బారావు. షోలాపూర్ నుంచి పుణె కొన్ని గంటల రైలు దూరమే.

చెట్టు నుంచి ఆదేశాలు ఎలా పుడతాయో చూడ్డానికి ఒక చిన్న ఉదాహరణ చాలు. ‘మొత్తం = ధర + పన్ను * 2’ అని ప్రోగ్రాములో ఉందనుకోండి. గుణకారం ముందు, కూడిక తర్వాత అన్నది చిన్నప్పటి లెక్కల మాస్టారే చెప్పాడు. కంపైలరు ఆ నియమంతో దీన్ని చెట్టుగా పెడుతుంది. పైన ‘మొత్తంలో దాచు’ అనే కణుపు. దాని కింద కూడిక. కూడికకు రెండు కొమ్మలు: ఒకటి ధర, రెండోది గుణకారం. గుణకారం కింద పన్ను, 2 అనే రెండు ఆకులు. ఇప్పుడు ఆదేశాలు పుట్టించే భాగం ఈ చెట్టును ఎక్కి దిగుతుంది. నియమం ఒక్కటే: ఏ కణుపు దగ్గరైనా ముందు దాని కొమ్మలను పూర్తి చేసి, ఆ తర్వాత కణుపు సంగతి చూడాలి. ధరను దొంతర మీద పెట్టు. పన్నును పెట్టు. 2 పెట్టు. పై రెండిటినీ గుణించు. పై రెండిటినీ కూడు. పైదాన్ని మొత్తంలో దాచు. ఆరు ఆదేశాలు, ఎక్కడా కుండలీకరణం లేదు, ముందువెనకల సందేహం లేదు. దొంతర ఎంత ఎత్తుకు పెరుగుతుందో కూడా కంపైలరు ముందే లెక్కేస్తుంది. ఇక్కడ గరిష్ఠం మూడు. యంత్రానికి అంతే చోటు ఇస్తే సరిపోతుంది.

చిక్కు షరతుల దగ్గర వస్తుంది. వంద దుప్పట్లు దాటితే ఒక రేటు, దాటకపోతే ఇంకో రేటు అన్న వాక్యాన్ని తీసుకోండి. షరతు తప్పయితే రెండో భాగానికి దూకమని ఒక ఆదేశం రాయాలి. ఎన్నో ఆదేశానికి దూకాలి? మొదటి భాగం ఇంకా పుట్టనే లేదు, దాని పొడవు తెలియదు. అందుకని కంపైలరు దూకు అని రాసి పక్కన చోటు ఖాళీగా వదిలేస్తుంది, ఆ ఖాళీ ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది. మొదటి భాగం ముగిశాక వెనక్కి వచ్చి ఆ సంఖ్యను నింపుతుంది. లూపుల్లో ఇదే తిరగబడుతుంది. వెనక్కి దూకాల్సిన చోటు ముందే తెలుసు, బయటపడాల్సిన చోటే తెలియదు. మధ్యలో బయటికి వచ్చేయమనే ఆదేశాలు నాలుగుంటే నాలుగు ఖాళీలనూ ఒక చీటీలో రాసుకుని లూపు చివర అన్నిటినీ నింపాలి. బాబేజ్ ఊహించి కట్టలేకపోయిన వెనక్కి తిరిగే కార్డులు ఇలా నిజమయ్యాయి.

ఈ ఆదేశాల్లో ఏం చేయాలో చెప్పే భాగం ఒక్క బైటులో ఇమిడిపోతుంది, అందుకే బైట్‌కోడ్. అమెరికాలో జిరాక్స్ పరిశోధకులు స్మాల్‌టాక్‌కు ఇలాంటివే వాడారు. 1995లో వచ్చిన జావా ఈ పేరును ఇంటింటికీ చేర్చింది. అయితే ఈ కథలో రంజైన మలుపులు స్క్రిప్టింగ్ భాషల్లోనే కనిపిస్తాయి. ఎందుకంటే వాటి ఇంజిన్లు ఒక్కొక్కటీ వేరే దారిలో బయల్దేరి, అటూ ఇటూ తిరిగి దాదాపు ఒకే చోటికి వచ్చాయి.

పైథాన్ 1991లో బయటికి వచ్చింది. మొదటి నుంచీ దానికి బైట్‌కోడ్ ఉంది కానీ, మధ్యలో సరైన చెట్టు లేదు. వాక్యంలోని ప్రతి కామానూ కోలన్‌నూ మోసుకొచ్చే బరువైన వ్యాకరణ వృక్షం నుంచే నేరుగా ఆదేశాలు తీసేవాళ్లు. భాష పెరిగేకొద్దీ ఆ పని గజిబిజి అయింది. 2006లో వచ్చిన 2.5 వెర్షన్‌లో అక్కర్లేని గుర్తులన్నీ రాల్చేసిన సన్నని చెట్టును మధ్యన నిలిపి, దాని నుంచి బైట్‌కోడ్ తీయడం మొదలుపెట్టారు. పీహెచ్‌పీ అదే మార్పును 2015లో 7వ వెర్షన్‌లో చేసింది. అంతకుముందు అందులో వాక్యం చదువుతుండగానే ఆదేశాలు పుట్టేవి. ముందు ముందు ఏం రాబోతోందో తెలియకుండా ఆదేశం రాయాల్సి రావడంతో భాషలో కొన్ని వింత పరిమితులు మిగిలిపోయాయి.

రూబీ మొదట్లో బైట్‌కోడే పెట్టుకోలేదు. చెట్టును కట్టి, నడిపే ప్రతిసారీ ఆ చెట్టు చుట్టూ తిరిగేది. నిదానంగా ఉండేది. జపాన్‌కు చెందిన కోయిచి ససాదా రాసిన యార్వ్ ఇంజిన్ 2007లో 1.9 వెర్షన్‌తో చేరాక రూబీకీ బైట్‌కోడ్ వచ్చింది. బ్రెజిల్‌లోని రియోలో 1993లో పుట్టిన లువా మాత్రం తన పట్టు విడవలేదు. అది చెట్టు కట్టకుండానే, చదువుతూ చదువుతూ ఆదేశాలు రాసేస్తుంది. చిన్న యంత్రాల్లో, ఆటల్లో ఇమడాలంటే జ్ఞాపకం పొదుపు ముఖ్యం మరి. పాస్కల్-పి కూడా అప్పట్లో ఇలాగే చేసింది. చెట్టు ఆకారం ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునే వరసలోనే దాగి ఉండేది.

అన్నిటికన్నా పెద్ద చుట్టు తిరిగింది గూగుల్ వాళ్ల జావాస్క్రిప్ట్ ఇంజిన్ వీ8. 2008లో వచ్చినప్పుడు దానికి నడిమి భాష లేదు. చెట్టు నుంచి సూటిగా అసలు యంత్రపు ఆదేశాలే పుట్టించేది. వేగంలో అది పేరు తెచ్చుకుంది. కానీ అలా పుట్టిన కోడ్ జ్ఞాపకంలో బోలెడు చోటు తినేది. తక్కువ జ్ఞాపకం ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లు చేతుల్లోకి వచ్చాక ఆ బరువు భరించరానిదయింది. ఇగ్నీషన్ పేరుతో ఒక బైట్‌కోడ్ ఇంజిన్‌ను రాసి, 2017 నాటికి దాన్నే మొదటి మెట్టుగా చేశారు. మాటిమాటికీ నడిచే భాగాలను మాత్రమే ఆ తర్వాత యంత్ర భాషలోకి మారుస్తారు. మధ్యలో ఏమీ వద్దనుకున్నవాళ్లే చవకైన ఫోన్ల కోసం మధ్యలో ఒకటి పెట్టుకున్నారు.

ఈ ఇంజిన్లలో చెట్టు ఎక్కి దిగే పనిని ప్రోగ్రామే చేస్తుంది. షోలాపూర్‌లో చాలాకాలం ఆ పని మనిషిది, అతని కళ్లది, వేళ్లది. అయితే 1983లో మిలాన్ యంత్రాల ప్రదర్శనలో బోనాస్ కంపెనీ ఎలక్ట్రానిక్ జకార్డును చూపించింది. అందులో అట్టలు లేవు. కొక్కేన్ని పట్టి ఉంచాలా వదలాలా అన్నది విద్యుత్తు చెబుతుంది, ఏ పేకకు ఏది అన్నది ఫైలు చెబుతుంది. డిజైన్ సాఫ్ట్‌వేరులో రంగు నింపి, ఈ రంగుకు ఈ అల్లిక అని ఎంచుకుంటే ఫైలు దానంతటదే తయారవుతుంది. గ్రాఫు పక్కన రాసే సూచనను గడి గడికీ విప్పడమే కార్డు కొట్టేవాడి నైపుణ్యం. సాఫ్ట్‌వేరు చేజిక్కించుకున్నది సరిగ్గా దాన్నే. డిజైనరు మిగిలాడు, నేసేవాడు మిగిలాడు, నడిమి మనిషి పని పలచబడింది. కొత్త యంత్రం ఖరీదు చిన్న షెడ్డు మోయలేనిది కాబట్టి అట్టల దండలు పూర్తిగా పోలేదు. దండ తయారీలోనూ కంప్యూటరు దూరింది. తెరమీది బొమ్మ నుంచి చిల్లులు కొట్టే యంత్రాలు వచ్చాయి.

ఈ తర్జుమాలో వెనక్కి నడిచే దారి కూడా ఉంది. భూతద్దం పెట్టి, బట్టలోంచి ఒక్కో పేక ఊడదీస్తూ ఏ పోగు పైన ఉందో ఏది కిందుందో గడికాగితం మీద తిరిగి రాసుకోవచ్చు. నేత విద్యలో అది ఒక పాఠమే. పోటీదారు మంచి డిజైను దించుకోవడానికి పాత దారి కూడా అదే. పైథాన్ బైట్‌కోడ్ ఫైలు చేతికి చిక్కితే దాని నుంచి మూల ప్రోగ్రామును చాలావరకు తిరిగి కట్టే సాధనాలు ఉన్నాయి. పేర్లు దొరుకుతాయి, చెట్టు దొరుకుతుంది. ప్రోగ్రామరు పక్కన రాసుకున్న వ్యాఖ్యలు మాత్రం పోతాయి, తర్జుమాలో వాటికి ఆదేశాలే పుట్టవు గనక.

ఇక్కడే చట్టం రెండు తర్జుమాలనూ వేరు చేసింది. భారత కాపీరైట్ చట్టం దృష్టిలో కంప్యూటరు ప్రోగ్రాము ఒక సాహిత్య రచన. 1994 సవరణ దాన్ని నిర్వచిస్తూ యంత్రం చదవగల రూపాన్ని కూడా కలిపింది. కాబట్టి బైట్‌కోడ్‌కూ, దాని మూలానికీ రచయిత జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు రక్షణ ఉంటుంది. లక్ష కాపీలు తీసినా అది చెరగదు. డిజైనరు వేసిన నెమలి సంగతి వేరు. డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు హక్కు ఉంటుంది. నమోదు చేయించకపోతే, కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షను ప్రకారం, యజమాని గానీ అతని అనుమతితో మరొకరు గానీ ఆ డిజైనుతో పారిశ్రామికంగా యాభైకి మించి వస్తువులు తయారు చేసిన మరుక్షణం అతని కాపీరైట్ ముగిసిపోతుంది. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, దుప్పటి మీది బొమ్మను కాదు. దండ ఎక్కిన సాంచా మీద యాభై ఒకటో చద్దరు దిగడానికి ఎన్నో రోజులు పట్టదు.